ఐదో వత్తి

మార్కాపురం పలకరాతి గనిలో ఆ పొద్దున నతానియేలు ఐదు బెజ్జాల్లో మందు కూరి, ఐదు వత్తులూ తన చేత్తోనే అంటించినాడు. పేలినవి నాలుగే. గట్టు విరిగిపడి, పెట్టుకున్న గుర్తులన్నీ రాళ్ల కిందికి పోయినయి. ఐదోది ఆ గుట్టలో ఎక్కడో నోరుమూసుకుని కూర్చుంది. చోటు తెలిస్తే నీళ్లు పోసి చంపొచ్చు. తెలియక గునపం తగిలిస్తే మనిషిని ముక్కలుగా ఏరుకోవాల్సిందే.

"ఎక్కడరా?" మేస్త్రి కొండలరావు అడగడం అది పదోసారి.

"ఆ మూల... కాదయ్యా, ఈ పక్క."

"పెళ్లాం పేరన్నా గుర్తుందా, అదీ పోయిందా?" మేస్త్రి నవ్వినాడు. నవ్వకేం, దిగేది ఆయన కాదు గదా. "సాయంత్రం రైలుకు మద్రాసుకు పోయే పలకలు ఎక్కాల. అబ్రహామూ, గునపం అందుకో."

అబ్రహాము నతానియేలుకు బావమరిది. వాడికి పెండ్లయి నెల కాలేదు. గునపం అందుకున్నాడు. అందుకోక ఏం జేస్తాడు, వద్దన్నవాడికి రేపు పనుండదు. వాళ్లమ్మ మగ్దలీనమ్మ నెత్తిమీది రాళ్లతట్ట కింద పడేసి అడ్డమొచ్చింది.

"అయ్యా, మా అల్లుణ్ణి కాసేపు పడుకోనీ. కంటికి తెలిసింది తలకాయలో ఒక గదిలో ఉంటది, కాలికి తెలిసింది ఇంకో గదిలో. మనిషి బెదిరితే గదులన్నీ గడియలేసుకుంటయి. కన్ను మూస్తేనే తలుపులు తీసుకుని ఒకదానితో ఒకటి చెప్పుకుంటయి."

"పెద్ద డాక్టరమ్మ బయల్దేరింది! గనిలో నిద్రపోనిచ్చిన మేస్త్రి ఎక్కడన్నా ఉన్నాడా?"

"ఇకమీద నీ పేరు చెప్పుకుంటాంలే నాయనా."

కూలోళ్లు కిసుక్కుమన్నారు. మేస్త్రి మొహం మాడింది. "బండెద్దులు ఆ కట్ట చొప్ప తినేదాకా. ఆ మీద అబ్రహాము దిగాల్సిందే."

నతానియేలు బండి కింద పడుకున్నాడు. ఎద్దులు కరకరా నములుతున్నయి. ఒక్కో నమలుకూ అబ్రహాము ఆయుష్షు తరుగుతున్నట్టే ఉంది. ఎక్కడ, ఎక్కడ అని తలలో తవ్వేకొద్దీ రాళ్లే పడుతున్నయి.

అత్త తడిగుడ్డ తెచ్చి నుదుటిమీద వేసింది. "ఎతకబాకు అల్లుడా. ఊరికే పడుకో."

ఎప్పుడు కునుకు పట్టిందో. కాళ్లు మళ్లీ గనిలో పరుగెత్తినయి. మొదటి వత్తి, రెండోది, మూడు, నాలుగు. ఐదోదాని దగ్గర మోకాలు ఆనించినాడు. చల్లగా తగిలింది. ఎడమచెయ్యి గాలికి అడ్డం పోయింది. తల ఎత్తితే రాతిలో పసుప్పచ్చ చార. పొద్దుటినుంచీ ఆ చార కంటికి తెలుసు, ఆ చలువ మోకాలికి తెలుసు. రెండూ ఒకచోటివేనని ఇప్పుడు తెలిసింది. నీటి ఊట! వత్తి తడిసింది!

దిగ్గున లేచినాడు. ఎద్దుల ముందు చొప్ప లేదు. గనిలో నిలిచిన గోడకు పైన బెత్తెడు పసుప్పచ్చ చార. సరిగ్గా దాని కింద అబ్రహాము, గునపం పైకెత్తి.

"దించబాకు! నీ కాళ్ల కిందే!"

గునపం గాలిలోనే ఆగింది. తర్వాత వాడు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు మెల్లగా గుండెల మీదికి దించుకుని, వెనక్కి వెనక్కి నడిచి వచ్చినాడు.

కడవలకొద్దీ నీళ్లు పోసి, రాళ్లు చేతులతోనే తీసినారు. జానెడు కింద ఉంది, సగం కాలి తడిసిన వత్తి.

మేస్త్రి వంగి చూసినాడు. "ఇంతేగా! ఈ ముక్క పొద్దున్నే చెప్పేదానికి ఏం రోగంరా నీకు?"

మగ్దలీనమ్మ గునపానికి బిగుసుకుపోయిన కొడుకు వేళ్లను ఒక్కొక్కటే విడదీస్తా ఉంది.