కాగితం అడుగున ఉన్న వాక్యం

హుస్సేనీ ఆలంలోని ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో లెక్చరర్లు మధ్యాహ్నం పెద్దబల్ల చుట్టూ చేరి కూరలు పంచుకుంటారు. నోట్సులు మాత్రం ఎవరి బీరువాలో వారివి, తాళాలేసి ఉంటాయి. సారు చదువుతాడు, పిల్లలు రాసుకుంటారు. రాతలో వెనకబడ్డ పిల్లకు అంతే సంగతులు.

వృక్షశాస్త్రం చెప్పే సుచరిత మాత్రం కిటికీ పక్కన ఒంటరిగా డబ్బా విప్పేది. గుంటూరు నుంచి వచ్చిన ఆమెది ఇంట్లో తొలి డిగ్రీ. రాతలో ఆ వెనకబాటు ఆమె కూడా అనుభవించిందే. ఇంటర్నెట్‌ను గంటల లెక్కన వాడుకునే రోజులవి. నయాపూల్ నెట్ సెంటర్లో ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన వృక్షశాస్త్ర పాఠాలు వెతికి పట్టుకుంది. వాటిని తెలుగు చేసి జిరాక్సులు పంచింది. చోటు చాలక ప్రతి పేజీ అడుగునున్న ఇంగ్లీషు వాక్యాన్ని చదవకుండానే కత్తిరించేసింది.

"ఏంది మేడం, ఎవరి సొమ్మో తెచ్చి దానం జేస్తున్నరా?" అన్నాడు సీనియర్ అమరనాథ్. "రేపు కేసైతే కాలేజీ పరువేంగావాలె?"

బల్ల చుట్టూ నవ్వులు. ప్రిన్సిపాల్ లలితమ్మ మాత్రం నవ్వలేదు. "సోమవారానికి అనుమతి చూపించమ్మా. లేకపోతే ఆపెయ్."

మెట్ల మీద ఆమె విద్యార్థిని రాజమణి ఎదురైంది. "బంద్ జేస్తరా మేడం? పొద్దుగాల గాజుల దుకాణంల పనిజేసి ఉరుక్కుంట వస్త. సగం పాఠం అయిపోతది. ఈ కాగితాలు లేకుంటే నేను ఫెయిలే."

ఆ సాయంత్రం సుచరిత నెట్ సెంటర్లో తాను కత్తిరించిన వాక్యాన్ని తొలిసారి చదివింది. 'ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. రాసినవారి పేరు చెప్పండి. మీరు మార్చినదాన్నీ ఇలాగే పంచండి.'

అనుమతి మొదటినుంచీ చేతిలోనే ఉంది. పారేసింది తానే.

సోమవారం లలితమ్మ ఆ వాక్యం చదివి తలూపింది. సుచరిత దాన్ని తెలుగులో, రాసినవారి పేరుతో సహా, ప్రతి కాగితం అడుగునా చేర్చి, స్టాఫ్‌రూమ్‌లో ఒక్కొక్క కుర్చీ ముందూ ఒక కాపీ పెట్టింది.

బెల్లు కొట్టాక ఆమె బల్ల మీద ఒక కాగితం తిరిగొచ్చి ఉంది. ఆకు బొమ్మ పక్కన ఎర్రసిరా: 'దారువు పైన, పోషక కణజాలం కింద. తప్పు దిద్దుకోండి.' ఆ చేతిరాత అమరనాథ్‌ది.

ఆమె దిద్దింది. అడుగున 'బొమ్మ సవరణ: అమరనాథ్ గారు' అని రాసి మళ్ళీ పంచింది.

"నా పేరెందుకు మేడం?" అన్నాడాయన మర్నాడు, కాస్త గరుకుగా.

"మీరిచ్చిందే కదండీ."

ఆయన క్లాసుకు వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమూ సుచరిత ఒంటరిగానే తింది. తల ఎత్తి చూస్తే ఆయన బీరువాకు తాళంచెవి అలాగే వేలాడుతోంది, తలుపు ఓరగా తెరిచి ఉంది.

దాచుకున్న చదువు దాచిన మనిషితోనే ముగుస్తుంది. పంచిన చదువు తప్పులు దిద్దుకుంటూ పదిమందిలో బతుకుతుంది.