కొలెట్ చదవని పాఠం

ఆరేళ్లు నిండిన పిల్లల్ని పడవ దింపి హాస్టలు బడిలో వేయడం పారిస్ వైపు కాలువల మీద పడవల్లోనే కాపురముండి సరుకు మోసి బతికేవాళ్లందరికీ మామూలే. ఓదెట్‌నీ చిన్నప్పుడు అలాగే వేశారు. అమ్మానాన్నల పడవ ఏ రేవులో ఉందో తెలియక ఇనపమంచం మీద ముడుచుకుని ఏడ్చిన రోజులు ఆమె మరిచిపోలేదు. అందుకే పెద్దకూతురు కొలెట్‌కి ఐదు దాటగానే మొగుడితో తెగేసి చెప్పింది.

"దీన్ని నేనే చదివిస్తా. ఎక్కడికీ పంపను."

"నీకొచ్చిందే అంతంతమాత్రం," అన్నాడు రెమీ చుక్కాని వదలకుండా.

"రానిది నేర్చుకుని చెప్తా."

అన్నట్టే నేర్చుకుంది. బొగ్గు వేసుకుని పారిస్ వైపు, ఇసకతో మళ్లీ ఉత్తరానికి. ఆ రానూపోనూ ప్రయాణాల్లో పడవ వెనక గదిలో అన్నాలు తినే బల్ల తుడిచి ఫ్రెంచి పాఠం మొదలుపెట్టేది. రేపు చెప్పాల్సింది ఈరోజు తను చదువుకునేది. కొలెట్ కూడబలుక్కుని చదువుతుంటే చెల్లెలు, నాలుగేళ్ల నికోల్ వంతపాడేది.

కాలువ నీటిమట్టం మార్చే లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు, గేట్లు తిప్పేవాడి భార్య గట్టుమీంచి దెప్పేది: "ఏం పంతులమ్మా, ఇవాళ బడికి సెలవా?"

"మా బడికి సెలవుల్లేవమ్మా!"

అంతే. నీళ్లు నిండేవి, గేట్లు తెరుచుకునేవి, పడవ సాగిపోయేది. వారం మొత్తం మీద పరాయి మనిషితో ఓదెట్ మాట్లాడేది ఆ కాస్తే. రెమీ మాటలు ఇంజను మోతలో సగం వినపడవు. ఆ పాఠాలు పిల్లకెంత అవసరమో తనకూ అంతే అవసరమని ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇంట్లో చదివే పిల్లల్ని ఏడాదికోసారి బడుల ఇన్‌స్పెక్టరు పరీక్షించాలి. చదవడం వస్తే పడవలోనే ఉండొచ్చు. రాకపోతే హాస్టలే.

కొలెట్‌కి ఆరేళ్లు నిండాక, జూన్‌లో ఒక పొద్దున, లాకు దగ్గర వరసలో ఆగినప్పుడు ఇన్‌స్పెక్టరు వానియే గారు పడవెక్కారు. కాఫీ తాగి, కొలెట్ ముందు పుస్తకం తెరిచారు.

"ఇక్కణ్ణుంచి చదువు తల్లీ."

కొలెట్ చేతులు వెనక్కి కట్టుకుని పేజీ చూసింది. నోరు విప్పలేదు.

"పోనీ, ఈ ఒక్క ముక్క?"

కొలెట్ తల దించుకుంది.

"అక్కకి వచ్చండీ!" అంది నికోల్. "పొద్దున కాఫీ డబ్బా మీదంతా చదివింది. మీరొస్తే మాత్రం చదవదంట!"

"నోరు ముయ్యవే!" అంది కొలెట్, చెవులదాకా ఎర్రబడిపోయి.

ఓదెట్ కొలెట్ చెయ్యి పట్టుకుని గదిలోంచి పైకి తీసుకెళ్లింది.

"ఎందుకే ఇలా చేశావు?"

"మొన్న గట్టుమీద పిల్లలు నన్ను తొక్కుడుబిళ్లకి పిలిచారు. దిగేలోపే నాన్న పడవ కదిలించేశాడు. ఎప్పుడూ అంతేగా. హాస్టల్లో అయితే ఎవరూ కదిలిపోరుగా."

"అక్కడ నేనెంత ఏడ్చానో తెలుసా?"

"నువ్వు ఏడిస్తే నేనూ ఏడవాలా?"

ఓదెట్ పిల్లని ఏడవనివ్వకూడదని చూసిందే గానీ, అది ఎవరితో నవ్వాలో ఆలోచించలేదు.

వాళ్లు కిందికి దిగేసరికి ఇన్‌స్పెక్టరు కాగితాలు సర్దుకుంటున్నారు. "పిల్ల బెదిరినట్టుంది. మూడు నెలలు గడువిస్తానమ్మా. సెప్టెంబరులో మళ్లీ చూద్దాం."

సరేనంటే చాలు, అప్పటిదాకా పిల్ల పడవలోనే ఉంటుంది. ఓదెట్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"గడువొద్దు సార్. హాస్టలు బడికి రాసుకోండి. కానీ చదవడం రాదని మాత్రం రాయకండి. చదవవే, కొలెట్."

కొలెట్ అమ్మ మొహంలోకి చూసింది. పుస్తకం దగ్గరికి లాక్కుని పేజీ మొత్తం గడగడా చదివేసింది.

"ఇంత బాగా చదివితే ఇంట్లోనే ఉండొచ్చు కదమ్మా!" అన్నారాయన.

"ఉండొచ్చు సార్. అయినా పంపుతాను."

ఆయన దిగి వెళ్లాక గేట్లు తెరుచుకున్నాయి. రెమీ ఇంజను పెంచుతూ కేకేశాడు: "ఏమైంది? తప్పిందా?"

"పాసైంది!"

"అయితే మనతోనే ఉంటుందన్నమాట!"

హాస్టలుకి పంపుతున్నానని ఓదెట్ చెప్పింది. మోతలో అతనికి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పమని సైగ చేశాడు. ఓదెట్ వెళ్లి అతని పక్కన నిలబడింది.