లేలండ్ ఇచ్చిన ఐసు

లేలండ్ వేటాడిన జింక మాంసం ఆ రోజు నిజంగానే పాడైపోయిందా? ఈ సందేహం ఓర్విన్‌ను ఏళ్లుగా వదల్లేదు. ఆ ఏడు వేటకెళ్తే వయోమింగ్ ఎండలో స్నేహితులిద్దరికీ చెరొక జింక దొరికింది. ఇల్లు చేరేదాకా మాంసం చెడకుండా ఉంచే ఐసు మాత్రం ఒక్కదానికే సరిపోయేంత మిగిలింది.

"నాది అప్పుడే కంపు కొడుతోందిరా. ఐసంతా నీదాని మీద పోసెయ్" అన్నాడు లేలండ్. ఖాళీ చేతులతో ఇంటికొచ్చాడు.

మొన్నటి చలికాలంలో లేలండ్ పోయాడు. ఈసారి వేటకు ఓర్విన్ ఒక్కడే బయలుదేరాలి. తనలా విస్కాన్సిన్ నుంచి వయోమింగ్ వెళ్లేవాళ్లకు ఆడజింక వేట పర్మిట్టే చవక. హోటల్ దండగ, ట్రక్కులోనే పడక. ఐసు కొనకుండా ఖాళీ పాల డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టించుకోవాలి. తన ఫ్రీజరు చాలక, డబ్బాలు పట్టుకుని లేలండ్ భార్య ఆర్డిస్ దగ్గరికి వెళ్లాడు.

"ట్రక్కులో పడుకుంటావా? నీ నడుముకి చెప్పావా ఆ సంగతి?" అని నవ్విందామె. డబ్బాలు సర్దుతూ సర్దుతూ ఆగింది. "అప్పుడు ఆయన జింక మాంసం బాగానే ఉందట, ఓర్విన్. నీ పిల్లలు చిన్నవాళ్లు కదా అని అలా చెప్పాడట."

ఓర్విన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ వేట తర్వాతి చలికాలమంతా ఆ మాంసం ముందు కూర్చుని, పూటపూటా దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు ఇంటిల్లిపాదీ. లేలండ్‌కు ఒక్కసారీ చెప్పలేదు.

అక్టోబరులో వేట నుంచి తిరిగొచ్చిన ఓర్విన్ తన ఇంటికి వెళ్లకుండా ఆర్డిస్ గుమ్మం ముందే ట్రక్కు ఆపాడు. ఆమె ఫ్రీజరులో డబ్బాలు తీసిన చోటే మాంసం పొట్లాలన్నీ పేర్చి, ఫ్రీజరు తలుపు మెల్లగా మూశాడు.