బట్టీ రషీదా

కాఫీ గింజలు పచ్చదనం పోగొట్టుకుని గోధుమరంగులోకి దిగే వేళకు రషీదా స్టూలు ముందుకు జరుపుకుని వేయించే డ్రమ్ముకు దగ్గరగా చెవి పెట్టింది. ఆ సమయంలో ఎవరు పిలిచినా ఆమె పలకదు. గింజ లోపలి తేమ ఆవిరై బయటికి దారి వెతుక్కుంటుంది. దారి దొరకనప్పుడు చిటుక్కుమని పగులుతుంది. మొదట ఒకటి, కాసేపటికి ఇంకొకటి, ఆ తర్వాత రేకుల మీద వాన పడ్డట్టు. ఆ వాన తగ్గి చినుకులైనప్పుడు మంట ఆపాలి.

చినుకులు మొదలవుతుండగా కరెంటు పోయింది. మోటారు మూలిగి ఆగింది. తిరగడం ఆగిన గింజలు బాగా కాలిన ఇనుము మీద అట్లాగే కూర్చున్నాయి. రషీదా గ్యాసు కట్టేసి, చేతిపిడి తగిలించి, ఒంటి బలమంతా పెట్టి డ్రమ్మును తిప్పింది. గింజల్ని జల్లెడలోకి దించేసరికి గదంతా పొగ. పాత తువ్వాలు ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకుని, కిటికీలు తెరిచి, చేటతో విసురుతూ నిలబడింది. నలభై ఆరేళ్ల మనిషి. బలమైన మణికట్లు, ముంజేతుల మీద చిన్ననాటి నుంచీ చేరుతూ వచ్చిన కాలిన మచ్చలు.

ఆ మచ్చల్లో సగం కాఫీవి కావు. ప్రొద్దుటూరులో ఆమె తండ్రికి బొరుగుల బట్టీ ఉండేది. బడికి పోయిన రోజులకన్నా వేడి ఇసుకలో బియ్యం వేయించిన రోజులే ఎక్కువ. పెళ్లయి వెళ్లింది, భర్త పోయాక మళ్లీ బట్టీ దగ్గరికే వచ్చింది. మిషను బొరుగులు వచ్చాక బట్టీ మూతపడింది. వీధిలో అందరూ పిలిచే 'బట్టీ రషీదా' అన్న పేరు మాత్రం మిగిలింది.

అప్పుడు ఆమెను పిలిచింది ఆండాళ్. పక్కవీధిలో మేడ మీద కాపురం, భర్త జనార్దనం గుడి అర్చకుడు. మంచి కాఫీ లేనిదే తెల్లవారని ఇల్లు. చింతపల్లి కొండల్లో రైతుల దగ్గర గింజలు కొనడానికి ఆండాళ్ తానే మాట్లాడుకుంది. ఏ కొండ వాలుదో, కడిగి ఆరబెట్టిందో, పండుతో పాటు ఎండబెట్టిందో అడిగి అడిగి తెప్పించేది. "నాకు రుచి తెలుసు, నిప్పు తెలీదు రషీదా. నీకు నిప్పు తెలుసు," అంది. మేడ కింద ఖాళీ గదిలో ఇద్దరూ పని మొదలుపెట్టారు. వీళ్లు వేయించి పొడి కొట్టి పంపితే, దుకాణాలవాళ్లు తమ తమ పేర్లు అచ్చేసుకుని అమ్ముకునేవారు. అట్లా తొమ్మిదేళ్లు. గింజ బాగుందో లేదో తేల్చేది ఆండాళ్. ఎవరేమడిగినా రషీదా జవాబు ఒక్కటే: "ఆండాళమ్మ చెప్తాది."

భర్త గుడికి వెళ్లాక ఆండాళ్ మెట్లు దిగి వచ్చింది. సన్నటి మనిషి. నుదుట శ్రీచూర్ణం గీత, స్నానం చేసి ముడేసిన తడి జుట్టు. పొగ సంగతి ఏమీ అడగలేదు. రషీదా పొడి కొట్టి, వేడినీళ్లు పోసి, నురగ కిందికి దిగనిచ్చి ఇచ్చింది. ఈ రోజు పులివెందులకు తీసుకుపోవలసిన కాఫీ ఇది. ఉమ్మేస్తుందనే అనుకుంది. ఒకప్పుడు గోనె వాసన తగిలిందని మూట మూటే వెనక్కి పంపిన మనిషి.

ఆండాళ్ కొంగున కట్టుకున్న వెండి ఉద్ధరిణి విప్పి, దాంతో రుచి చూసి, రషీదా వైపు చూసింది. ఇంకోసారి చూసింది.

"బాగా కుదిరింది. ఇదే తీసుకుపో."

"బాగుండాదా అమ్మా?"

"బాగుందంటున్నాగా."

ఆమె పైకి వెళ్లిపోయాక రషీదా తువ్వాలు విప్పి కప్పులో మిగిలింది నోట్లో పోసుకుంది. మాడు. బట్టీ మూకుడు అంచున నల్లబడిపోయిన బొరుగుల మాడు. చిన్నపిల్లకైనా తెలిసేంత మాడు.

జల్లెడ ముందు చాలాసేపు నిలబడింది. ఆండాళమ్మకు రుచి తెలియడం లేదు. ఆ మాట మనసులో అనుకోవడానికే భయం వేసింది. మెట్ల వైపు చూసింది. పిలవలేదు. మాడిన గింజల్ని తీసి బయట పారబోసింది. కరెంటు వచ్చాక కొత్త గింజలు పోసి మళ్లీ స్టూలు జరుపుకుంది. ఈసారి చిటపటలు సన్నగిల్లినప్పుడు ఆపింది, చల్లార్చింది, పొడి కొట్టింది, తాగింది. ఎవరినీ అడగలేదు. సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచింది.

జమ్మలమడుగులో దిగి, ఎప్పుడూ ఇచ్చే దుకాణంలో పొడి అప్పగించింది. గల్లాపెట్టె వెనక నున్నటి ప్యాకెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద దుకాణదారు తాతపేరు బంగారు అక్షరాల్లో మెరుస్తోంది. లోపలున్నది ఆమె పొడి. ఆ ప్యాకెట్టును చాలాసార్లు చూసింది గానీ, ఈ రోజు చేతిలోకి తీసుకుని వెనకా ముందూ తిప్పి చూసి, మళ్లీ అదే చోట పెట్టింది.

పులివెందుల బస్టాండు వెనక వీధిలో జయచంద్ర హోటలు. వాళ్ల నాన్న కాటమయ్య గొర్రెలు మేపినవాడు. కొడుకు మూడు హోటళ్లు పెట్టి, మూడింటికీ తండ్రి పేరే పెట్టుకున్నాడు. లోపల గోడవార బల్ల మీద అతని తల్లి రామేశ్వరమ్మ ఎల్లిపాయలు ఒలుస్తోంది. అరటిగెలలు ఎత్తే కూలీలు టిఫిను తింటున్నారు.

"రా అక్కా, కూసో," అన్నాడు జయచంద్ర. "నీ పొడి బాగుంటాదని అందరూ చెప్తాండారు. నేను మాత్రం అంత బిర్రీన నమ్మేటోణ్ని కాదు. ఈ పొద్దు నువ్వు తెచ్చింది మా వంటోడికియ్యి. రెండు గ్లాసులు పెట్టిస్తా. యాది నీదో చెప్పల్ల. చెప్తే మూడు హోటళ్లకూ నీ కాఫీనే. చెప్పలేకపోతే కోపం ల్యాకుండా బస్సెక్కాల."

రషీదా చెయ్యి సంచిలోని ఫోను మీదికి పోయింది. ఆండాళమ్మ చెప్తాది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఫోను వదిలేసి చెయ్యి బయటికి తీసింది.

"పెట్టిచ్చన్నా," అంది.

రెండు స్టీలు గ్లాసులు వచ్చాయి. గేదెపాలు, ఒకే రంగు, ఒకే పొగ. మొదటిది కొంచెం తాగింది. నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది. నీళ్లు తాగి రెండోది తాగింది. మళ్లీ మొదటిది. కూలీలు తినడం ఆపి చూస్తున్నారు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వచ్చింది. కళ్లు మూసుకుని ఇంకో గుక్క తాగింది.

"రెండూ నావే," అంది.

మొదటి గ్లాసును జయచంద్ర ముందుకు జరిపింది.

"ఇది పోయిన వారం మచ్చుకని నేను బస్సులో పంపిచ్చింది. మీవోళ్లు డబ్బా మూత సరిగ్గా పెట్టలేదన్నా, వాసన సగం ఎగిరిపోయింది. ఇది ఈ పొద్దు ఏంచింది. ఇంకా పొగరు మీదుండాది. రెండు దినాలు ఊపిరి తీసుకోనిస్తే దారికొస్తాది."

జయచంద్ర బల్ల మీద అరచేత్తో కొట్టి పగలబడి నవ్వాడు. "కంపెనీ పొడి ఒగ గ్లాసులో పెడదామనుకుంటి. మా వంటోడే ఈ ఉపాయం చెప్పినాడు. మోసం చేసినా దొరకలేదే నువ్వు!"

కూలీల్లో ఒకడు ఈల వేశాడు. రామేశ్వరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాకూ రవ్వంత పొయ్యండ్రా, ఏముందో చూస్తాం."

"నువ్వు కాఫీ తాగవు కదమ్మా."

"ఈ పొద్దు తాగుతా. పొయ్."

ముసలామె ఊది ఊది తాగింది. "ఏమ్మే, ఇందులో చీనీకాయ తొక్కేమన్నా ఏసినావా?"

"లేదవ్వా. గింజలోనే ఉంటాది అది."

"మా చీనీతోట గట్టు మీద కూసున్నట్టుండాది," అని గ్లాసు ఖాళీ చేసింది.

జయచంద్ర నెల నెలా ఎంత కావాలో చెప్పి, "ప్యాకెట్లు కూడా కౌంటర్లో అమ్ముదాం. మా హోటలు పేరు అచ్చేపిస్తా," అన్నాడు.

"ఏసుకో అన్నా," అంది రషీదా. ఆగింది. "కింద మా పేర్లు గూడా ఉండాల. ఆండాళ్, రషీదా, ప్రొద్దుటూరు అని."

"ఎవురు చదువుతారక్కా అయ్యన్నీ?"

"నేను చదువుకుంటా."

కూలీలు జయచంద్ర వైపు చూశారు. రామేశ్వరమ్మే అంది: "గొర్రె యాడిదిరా అంటే మంద మేపినోని పేరు చెప్తాం గానీ, సంతలో అమ్మినోని పేరు చెప్తామా? ఎయ్యరా, నీ సొమ్మేం పోతాది."

"ఏస్తాలేమ్మా," అన్నాడు జయచంద్ర, చేతులెత్తేసి.

తిరుగు బస్సులో రషీదాకు కిటికీ పక్క సీటు దొరికింది. ముందు చీనీకాయల లారీ పోతోంది, పైదాకా బత్తాయిలే. ఆ వాసన గాలితో పాటు ముఖాన కొడుతుంటే, పక్కనెవరున్నారన్న ధ్యాస లేకుండా నవ్వుకుంది. "రెండూ నావే" అని పెదవుల్లోనే ఇంకోసారి అనుకుంది.

సాయంత్రం వీధిలోకి తిరిగేసరికి ఆండాళ్ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. రషీదా నిలబడే అంతా చెప్పేసింది. గ్లాసుల సంగతి, అవ్వ మాట, పేర్ల సంగతి. ఆండాళ్ ముఖం వెలిగింది. రెండు చేతులూ పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది. కొంచెంసేపటికి, నేల వైపు చూస్తూ అంది:

"పొద్దున నేను బాగుందన్న పొడి కాదు కదా నువ్వు తీసుకుపోయింది?"

"కాదమ్మా."

"బయట పారబోసిన గింజలు చూశాను. ఉగాదికి జ్వరం వచ్చింది చూడు, అప్పటి నుంచి ఏమీ తెలీడం లేదు రషీదా. పచ్చడి నోట్లో పెట్టుకుంటే వేపపువ్వూ బెల్లమూ ఒకటే అయిపోయినాయి."

"మరి ఇన్ని దినాలూ ఎట్ల చెప్తాంటివి?"

"నీ మొహం చూసి. నువ్వు కళ్లు పైకెత్తితే బాగుందంటాను. పెదవి బిగిస్తే వద్దంటాను. ఈ పొద్దు గుడ్డ కట్టుకున్నావే! ఏం చెయ్యాలో తెలీలేదు."

ఉగాది నుంచి ఈ ఊళ్లో, జమ్మలమడుగులో, ఎన్ని ఇళ్లలోనో తెల్లవారుజామున తాగిన కాఫీ అంతా రషీదా కళ్ల ముందు తిరిగింది.

"నాకు చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"చెప్తే నువ్వు ఆపేస్తావని భయం. నువ్వే తేల్చుకో అంటే 'నాకేం తెలుసమ్మా' అని మిషనుకు గుడ్డ కప్పేసేదానివి. అవునా కాదా?"

రషీదా తలూపింది. ముందు ఆండాళ్ నవ్వింది. తర్వాత రషీదా కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. పైనుంచి జనార్దనం ఏమిటేమిటని అడిగినా ఇద్దరి నవ్వూ ఆగలేదు.

"అచ్చులో నీ పేరు ముందు వేయించు," అంది ఆండాళ్ లేస్తూ. "రేపట్నుంచి నేను దిగను."

"దిగి ఊరికే కూసోమ్మా."

"కూర్చోడానికి వస్తాలే ఎప్పుడన్నా. చెప్పడానికి రాను."

ఒక చేత్తో గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కింది. మలుపు దగ్గర వెనక్కి తిరగలేదు. పైన తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాక రషీదా గది తలుపు తీసి దీపం వేసింది.

గది ఊడ్చి ఉంది. కప్పులు తోమి ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆండాళ్ ఎంగిలి తగలకుండా కాఫీని ఎత్తి నోట్లో పోసుకున్న చిన్న వెండి ఉద్ధరిణి, రుచి చూసి పైకి పోయే ప్రతిసారీ కొంగున కట్టుకుపోయేది, బల్ల మీద రషీదా కూర్చునే వైపు తెల్లగుడ్డ పరిచి బోర్లించి ఉంది. దాని వీపు మీద నీటిబొట్టు ఒకటి ఇంకా ఆరలేదు.