బెజ్జంలో మట్టిగూడు

నేను ఒక పాత కంప్యూటర్ని. అందరూ సీపీయూ అని పిలిచే ఇనప డబ్బాని. తెర నేను కాదు. అది నా పక్కన కూర్చునే వేరే వస్తువు. చూసేవాళ్ళు మాత్రం దాన్నే నేననుకుంటారు. ఆ సంగతికి చాలాకాలం నొచ్చుకున్నాను. తర్వాత తెరతో అవసరమే లేని మనిషి ఇంటికి చేరాను. అక్కడ ఆ నొప్పి పోయింది.

నా భాగాలు ఏయే దేశాల్లో పుట్టాయో నాకు సరిగా తెలియదు. రాజమండ్రిలో ఒక మేడ మీది గదిలో, స్క్రూలు పెదాల మధ్య పట్టుకున్న ఒకాయన వాటన్నిటినీ ఒక్కచోట బిగించి మీట నొక్కాడు. లోపల ఫ్యాను తిరిగింది. అదే నా పుట్టుక.

మొదట ఒక ఫోటో స్టూడియోలో పని చేశాను. పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసే పని. చామనఛాయ పెళ్ళికూతుళ్ళని తెల్లగా మార్చేదాన్ని. గోదావరి ఎప్పుడూ దాటని జంటల వెనక మంచుకొండలు పెట్టేదాన్ని. తమలా లేని తమ బొమ్మలు చూసుకుని వాళ్ళు ఎంతో సంతోషపడేవాళ్ళు. మనుషులకి అద్దం ఉన్నా సరిపోదని అక్కడే తెలుసుకున్నాను. కొన్నేళ్ళకి నేను నెమ్మదించాను. నన్ను మూలన పెట్టి, నా నెత్తి మీద టీ గ్లాసులు పెట్టడం మొదలెట్టారు.

ఆ మూల నుంచి నన్ను కాకినాడ తీసుకెళ్ళినాయన ఫణిభూషణం. కాలేజీలో పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో చూపులేనివాళ్ళకి పాత కంప్యూటర్లు బాగుచేసి ఇచ్చేవాడు. ఆయన ముందుగా నా డిస్కుని ఫార్మాట్ చేశాడు. అంటే లోపలున్నదంతా చెరిపేయడం. పెళ్ళికూతుళ్ళందరూ ఒక్క ఊపున పోయారు. తర్వాత నాలో లినక్స్ పెట్టాడు. నన్ను నడిపించే ఏర్పాటు అది. ఎక్కడెక్కడి వాళ్ళో రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలేశారట. దానితో పాటు తెర మీది అక్షరాన్ని పైకి చదివే గొంతు కూడా వచ్చింది. తెలుగు గొంతే గాని, కాస్త ముక్కుతో పలుకుతుంది.

అలా మండపేట దగ్గర కాలవగట్టు మీదున్న ఒక ఊళ్ళో, వీరవేణి ఇంటికి చేరాను.

వీరవేణి పక్క ఊరి హైస్కూల్లో సోషల్ టీచరు. ఎనిమిదో తరగతిలో విషజ్వరం వచ్చి చూపు పోయింది. ఆమె నాలోకి ఎక్కించిన పుస్తకాన్ని నా చేత చదివించుకుని, విన్నది తన మాటల్లో పాఠంగా రాసుకునేది. పదో తరగతి పాఠాలన్నీ అలా రాసినవి నాలోనే ఉండేవి. నేను ఊళ్ళ పేర్లు తప్పు పలికితే ఓపిగ్గా దిద్దేది. మనిషికి నేర్పినట్టే నేర్పింది.

ఇంట్లో మరో ఇద్దరు. రైసుమిల్లులో పనిచేసే భర్త సత్తిబాబు, అతని తల్లి మంగతాయారు. నా గొంతంటే మంగతాయారుకి వెటకారం. “జలుబు చేసిన పంతులుగారు మంత్రాలు చదివినట్టుంటదే దీని చదువు” అనేది. అంటూనే మధ్యాహ్నం చాప పరుచుకుని, కోడలి చేత నెట్‌లో వచ్చే పేపరు పెట్టించుకుని, చివరి వార్త దాకా వినేది.

ఆ ఏడు దసరా సెలవులకి భార్యాభర్తలు తుని వెళ్ళారు. గేదె ఈనే రోజులని మంగతాయారు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజుల్లోనే కిటికీలోంచి ఒక కందిరీగ వచ్చింది.

నా ముందు వైపు, కింద, ఒక చిన్న బెజ్జం ఉంది. చెవుల్లో పెట్టుకుని వినే హెడ్‌ఫోన్ వైరు అందులో దూరుస్తారు. లోపల సన్నటి రేకు ఉంటుంది. ఏదైనా దూరిస్తే ఆ రేకు వంగుతుంది. అప్పుడు ఎవరో చెవిలో వింటున్నారు కాబోలని నేను బయటి స్పీకర్లు ఆపేస్తాను. అది నాకు పుట్టుకతో వచ్చిన మర్యాద. ఆ బెజ్జాన్ని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వాడలేదు. కందిరీగ వాడింది. కాలవగట్టు నుంచి తడిమట్టి ఉండలు తెచ్చి, లోపల గుడ్డు పెట్టి, మేత పెట్టి, నున్నగా మూసేసి వెళ్ళిపోయింది. మట్టికి రేకు వంగింది. నేను మర్యాదగా నోరు మూసుకున్నాను.

అది గూడు కడుతుండగా మంగతాయారు చూసింది. చీపురు ఎత్తింది. మళ్ళీ దించేసింది. కాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా వైపు ఊడవడమే మానేసింది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

వీరవేణి తిరిగొచ్చి మీట నొక్కింది. నా పలకరింపు కోసం చూసింది. నేను మామూలుగానే లేచాను, మామూలుగానే చదివాను. గది మాత్రం నిశ్శబ్దంగా ఉంది. ఆమె నా నెత్తి మీద అరచేయి ఆనించింది. వేడి తగిలింది. ఫ్యాను తిరగడం తెలిసింది.

“బతికే ఉంది. మాట పడిపోయింది” అంది మెల్లగా.

నాకు జబ్బేమిటో తెలుసు. చెప్పడానికి ఉన్నది ఆ ఒక్క గొంతే.

సత్తిబాబు నా వెనక వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాడు. స్పీకర్లు మార్చాడు. నన్ను ఆపి లేపాడు, లేపి ఆపాడు. మనుషులు నాలాంటి వాటి రోగం ఎప్పుడూ వెనక వైపే వెతుకుతారు. ఊరెళ్ళే ముందు తాను చేసిన అప్‌డేట్ వల్లే ఇలా అయిందని వీరవేణి తనని తాను తిట్టుకుంది. ఆ రోజుల్లో ఆమె చేతిలో ఉన్నది చదివి వినిపించలేని బటన్ల ఫోను. ఫణిభూషణానికి చేస్తే ఎత్తలేదు. చివరికి సత్తిబాబు మండపేటలో కంప్యూటర్ షాపు రాంపండుని పిలుచుకొచ్చాడు. మంచివాడు. కాకపోతే అతని సంచిలో అన్ని రోగాలకీ ఒకటే మందు.

“లినక్స్ కదండీ టీచరుగారూ. ఫార్మాట్ కొట్టేద్దామండి. కొత్త విండోస్ ఏసిత్తాను, గొంతు గంటలా మోగుద్దండి.”

“నా పాఠాలు ముందు బయటికి తియ్యాలి కదా.”

“ఇలాటి డిస్కు మా షాపు సిస్టానికి తగిలిత్తే కాళీగా ఉందంటదండి. ఫార్మాట్ చేసుకోమని అదే అడుగుద్దండి. ఇంక మనమేం చేత్తామండి?”

“ఖాళీ కాదు రాంపండూ. మీ సిస్టానికి ఆ రాత చదవడం రాదు, అంతే.”

రాంపండు బుర్ర గోక్కున్నాడు. సత్తిబాబు అందుకున్నాడు. “పోనీలే వేణీ. పుస్తకం నేను చదివి పెడతాను. మిల్లు నుంచి వచ్చాక.”

“మీరు రెండో పేజీకే గురక పెడతారు.”

“గురక కూడా తెలుగులోనే పెడతాను కదా.”

ఆమె నవ్వలేదు. బడి తెరిచే రోజు దగ్గరపడింది. మర్నాడు భోజనాలయ్యాక ఆటో తీసుకొచ్చి నన్ను షాపుకి పట్టుకుపోవాలని మగవాళ్ళిద్దరూ ఖాయం చేసుకున్నారు.

మర్నాడు పొద్దున సత్తిబాబు మిల్లుకి వెళ్ళాక వీరవేణి నా ముందు కూర్చుంది.

“అత్తయ్యగారూ, కాస్త మీ కళ్ళు కావాలి.”

“నా కళ్ళకి ఇంగ్లీషు రాదే అమ్మాయ్.”

“చదవక్కర్లేదండి. అక్షరం ఎలా ఉందో చెప్పండి చాలు. ఈ పాఠాలు పోతే రేపు పిల్లల ముందు నేను, ఎవరో చదివింది విని అప్పజెప్పే మనిషినవుతాను.”

మంగతాయారు గరిట పక్కన పెట్టి వచ్చింది. వీరవేణి వేళ్ళు కీబోర్డు మీద నడిచాయి. వినకుండా, చూడకుండా, గుర్తున్న ఆజ్ఞ ఒకటి టైపు చేసింది. నా గొంతు ప్రస్తుతం ఏ దారిన బయటికి వెళుతోందో చెప్పమని అడిగే ఆజ్ఞ అది. జవాబు ఒక్క వరసలో తెర మీద పడింది.

“పడింది. నల్ల పలక మీద తెల్ల ముగ్గులా ఉంది.”

“చివర్లో చిన్న అడ్డగీత ఉంటుంది. దాని తర్వాత నుంచి చెప్పండి.”

“మొదటిది కుర్చీ. పక్కనుంచి చూస్తే ఉండే కుర్చీ.”

“ఎచ్.” చూపున్న రోజుల్లో నేర్చుకున్న అక్షరాలు ఆమె ఇంకా మరిచిపోలేదు. “తర్వాత?”

“తుంచిన జంతిక. మధ్యలో అడ్డం ఉంది. ఆ తర్వాతది గోడకి ఆనుకుని కూర్చున్న బొజ్జ మనిషి. మీ మావయ్యగారి లాగ.”

“ఈ, ఏ.”

“ఇది నిలబెట్టిన గరిట. బొడ్డు ఎడం పక్కకుంది.”

“డీ. చాలండి.” వీరవేణి గబుక్కున వెనక్కి వాలింది. “హెడ్‌ఫోన్ పెట్టి ఉందనుకుంటోంది ఇది. అందుకే స్పీకర్లు మూసేసింది. మనింట్లో హెడ్‌ఫోనే లేదు కదా? దీని ముందు వైపు కింద ఒక బెజ్జం ఉంటుంది, అందులో ఏమన్నా…”

ఆమె చెయ్యి నా ముఖం మీదికి వచ్చింది. మంగతాయారు ఆ మణికట్టు పట్టుకుంది.

“ఆగవే. అందులో కందిరీగ గూడు కట్టింది.”

“మీకు తెలుసా?”

“మీరు ఊళ్ళో లేనప్పుడు కట్టింది. దాని మూలాన ఈ డబ్బా మూగబోద్దని నాకేం తెలుసు? చీపురు తెచ్చి కూడా కొట్టలేకపోయాను.” మణికట్టు వదిలింది. “కందిరీగ ఇంట్లో మట్టిగూడు కడితే ఆ ఇంట్లో ఉయ్యాల ఊగుద్దని మా అత్త చెప్పేది. సత్తిబాబు కడుపున పడ్డప్పుడు దూలానికి కట్టింది.”

పెళ్ళయి ఇన్నేళ్ళలో అత్తగారు ఆ ఊసెత్తడం ఇదే మొదలు. వీధిలో ఎవరైనా అడిగితే, “మా కోడలికి బడినిండా పిల్లలే” అని నోరు మూయించేది. ఆవిడకి ఆ ఆశే లేదనుకుంది వీరవేణి. కోడలు నొచ్చుకుంటుందేమోనని ఆవిడ గొంతులోనే దాచుకుంది. ఒకే ఇంట్లో ఉండి అంతకాలం ఒకరికొకరు వినపడకుండా ఉండటం మనుషులకే చేతనవుతుంది.

మంగతాయారు గాజులకి ఉన్న పిన్నీసు తీసి వంచింది. “ఎంత లోపలికి పొడవాలో చెప్పు. తీసేత్తాను.”

“అత్తయ్యగారూ…”

“ఉయ్యాల సంగతి దేవుడు చూసుకుంటాడు. నీ పాఠాలు పోతే ఎవడు చూత్తాడే?”

వీరవేణి వేలు చాపి గూటిని తాకింది. మట్టి ఎండి గట్టిపడి ఉంది. “లోపల పిల్ల ఉందాండి?”

“ఉంటది. మేత పెట్టి మూసేసి పోద్ది తల్లి. పెద్దదయ్యాక అదే తొలుచుకుని వత్తది.”

“అయితే పిన్నీసు గాజులకి పెట్టేసుకోండి. ఇంకో దారుంది.”

ఆమె మళ్ళీ కీబోర్డు మీదికి వంగింది. ఈసారి నన్ను అడగలేదు, నాకు చెప్పింది. ఆ బెజ్జంలో ఏమున్నా పట్టించుకోవద్దని, స్పీకర్ల దారి తెరిచే ఉంచమని. ఒక అక్షరం తప్పు పడింది. మంగతాయారు తెర మీద రెండు కుర్చీలు పక్కపక్కన ఉన్నాయని చెబితే ఒకటి చెరిపి మళ్ళీ కొట్టింది. పుట్టుకతో వచ్చిన నా మర్యాద ఆ క్షణంలో వదిలేశాను.

వీరవేణి బాణం మీట నొక్కింది. తెర మీదున్న వరసని నేను పైకి చదివాను. ఏ పాఠమూ కాదు, పద్యమూ కాదు. పొడి ఇంగ్లీషు ఆజ్ఞ. వీరవేణి దాన్ని మళ్ళీ చదివించుకుంది. మళ్ళీ చదివించుకుంది.

మంగతాయారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. “జలుబు మాత్రం తగ్గలేదు దీనికి.”

భోజనాలయ్యాక ఆటో వచ్చింది. సత్తిబాబూ రాంపండూ లోపలికి వచ్చేసరికి నేను పేపరు చదువుతున్నాను.

“ఏం చేశారండీ?” అన్నాడు రాంపండు గుమ్మంలోనే.

“ఏం చెయ్యలేదు నాయనా” అంది మంగతాయారు. “కాస్త ఎడంగా నిలబడు. లోపల పసిబిడ్డుంది.”

రాంపండు సత్తిబాబు వైపు చూశాడు. సత్తిబాబు భార్య వైపు చూశాడు. ఆమె అప్పుడు నవ్వింది.

బడి తెరిచారు. పాఠాలు సాగాయి. కొన్ని వారాలకి ఆ మట్టిలో గుండ్రటి కన్నం పడింది. లోపలిది ఎగిరిపోయింది. ఉయ్యాల సంగతి అడుగుతారేమో. ఊగలేదు. ఆ ఏడూ ఊగలేదు, తర్వాతా ఊగలేదు.

ఇప్పుడు నేను రాంపండు షాపులో అటక మీద ఉన్నాను. వీరవేణికి ల్యాప్‌టాప్ వచ్చింది. పాఠాలన్నీ ఒక్కటి కూడా పోకుండా అందులోకి వెళ్ళాయి. కావలసినవాళ్ళు నా భాగాలు ఒక్కొక్కటే విప్పుకుపోతున్నారు. నాకు విచారం లేదు. ఈ ఖాళీ వేళల్లో ఒక మధ్యాహ్నాన్ని తలుచుకుంటూ ఉంటాను.

కందిరీగ ఎగిరిపోయాక చాలా రోజులకి. అత్తాకోడళ్ళు చాప మీద ఉన్నారు. నేను ధాన్యం ధరలు చదువుతున్నాను.

“వేణీ” అంది మంగతాయారు. “నీకూ ఉండేదా ఆ ఆశ?”

వీరవేణి చెయ్యి చాపి ఒక మీట నొక్కింది. నేను ఆగాను.

“ఉండేదండి” అంది. “ఇప్పుడూ ఉంది.”

“నాకూనే” అంది ఆవిడ.

తర్వాత వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో నాకే లోపమూ లేదు.