పదిహేను మంది పనివాళ్ళు

ఆ ఇంట్లో కాగితమనేది ఏది వచ్చినా పెద్దమ్మాయి చేతి మీదుగా పోవలసిందే. కరెంటు బిల్లయినా, మునిసిపాలిటీ నోటీసయినా తల్లి మడత కూడా విప్పేది కాదు. "పెద్దది వచ్చాక చూస్తుందిలే" అని టీవీ మీద పెట్టేది. వంశం మొత్తానికి డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి ఆమే మరి. తండ్రి ఇళ్ళల్లో టైల్స్ పరిచే మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా కాళ్ళ మీద కంటే మోకాళ్ళ మీదే ఎక్కువ నడిచాడు. ఆయన పరిచిన గదిలో గోళీ పెడితే పెట్టినచోటే నిలబడుతుందని ఇళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. ఆ మాట ఇంట్లో చెప్పడం ఆయనకి సరదా. వినడం పెద్దమ్మాయికి అంత సరదా కాదు. ఆమె స్నేహితురాళ్ళ నాన్నలు బ్యాంకుల్లో, ఆఫీసుల్లో ఉండేవారు.

ఒక ఆదివారం పొద్దున్నే అత్త దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అత్త అంటే మేస్త్రికి ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు పోయాక పరాయి దేశం వెళ్ళి, ఇరవై రెండేళ్ళుగా అక్కడొక లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. పిల్లల్లేరు.

"గుండెలో తలుపొకటి సరిగ్గా మూసుకోవట్లేదట అన్నయ్యా. ఏకంగా తలుపే మార్చేస్తారట."

"తలుపు మార్చడానికి వడ్రంగిని పిలవాలి గానీ నన్నెందుకే?" అన్నాడు మేస్త్రి. మాటైతే వేళాకోళమే గానీ, కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"నువ్వు రావాలి. ఇంకేం అడగను. లోపలికి తీసుకుపోయే ముందు నా తరఫున ఎవరో ఒకరు సంతకం పెట్టాలిట. ఇక్కడ నాకెవరున్నారు? నువ్వు బయట నిలబడ్డావని తెలిస్తే నేను లోపల నిబ్బరంగా పడుకుంటాను."

ఆపరేషన్‌కి సరిగ్గా ముప్పై రెండు రోజులుంది. మేస్త్రి ఫోను కూతురికి అందించాడు. "ఏమే లాయరమ్మా, మా అన్నయ్యని నా దగ్గరికి చేర్చే పూచీ నీది," అంది అత్త. "నువ్వేం బెంగపెట్టుకోకు అత్తా, నేను చూసుకుంటాగా," అంది పెద్దమ్మాయి.

చూసుకోవడం మొదలుపెట్టింది కూడా. ఎందులోనూ వంక పెట్టడానికి వీల్లేకుండా చేసింది. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలకి పైన గడువుందో లేదో చూసింది. ఫొటోలో చెవులు రెండూ కనపడాలని నిబంధన ఉంటే, మేస్త్రిని క్షవరానికి పంపి మరీ ఫొటో తీయించింది. అత్త చేత ఆహ్వానపత్రం రాయించింది, ఆసుపత్రివాళ్ళ ఉత్తరం తెప్పించింది. తిరుగు ప్రయాణం తేదీ, దిగబోయే ఇంటి చిరునామా, బ్యాంకు కాగితాలు అన్నీ వరసగా ఫైల్లో పెట్టింది. అప్లికేషన్ ఇవ్వడానికి వీసా కేంద్రంలో పదకొండు రోజుల తర్వాతే చోటు దొరికింది. ఇచ్చాక జవాబుకి పదిహేను రోజులు. అంటే ప్రయాణానికి ఆరు రోజులు మిగులుతాయి. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కేసుకుని, సరిపోతుందనుకుంది.

ఇక ఫారంలో 'వృత్తి' అనే గడి దగ్గరికి వచ్చేసరికి, ఆమె ఆలోచించను కూడా లేదు. 'కాంట్రాక్టర్' అని రాసేసింది.

ఆ చెయ్యి అలవాటుపడింది ఇప్పుడు కాదు, ఇంటర్‌లో. కాలేజీలో చేరే రోజు అందరి ముందూ ఫారం నింపుతుంటే, పక్కనున్న అమ్మాయి తొంగిచూస్తోందని మొదటిసారి అలా రాసింది. తర్వాత హాస్టల్ ఫారంలో, డిగ్రీలో, ఉద్యోగం ఫారంలో అదే మాట. రాసిరాసి ఆ అబద్ధానికి నలుపు పోయింది. పైగా ఇప్పుడొక మంచి సాకు కూడా దొరికింది. కూలిపని అని రాస్తే అక్కడే ఉండిపోతాడేమోనని అనుమానిస్తారు, కాంట్రాక్టర్ అంటే వెనక్కి వచ్చే మనిషని నమ్ముతారు. తల్లికి ఆ సాకే చెప్పింది. తనకి తాను కూడా అదే చెప్పుకుంది.

కాంట్రాక్టర్ అన్నాక రుజువు కావాలి కదా. అబద్ధం ఒంటరిగా కూర్చోదు, చుట్టాల్ని పిలుచుకుంటుంది. వీధి చివర ప్రింటింగ్ షాపులో ఒక లెటర్‌హెడ్ చేయించింది. 'ఫ్లోరింగ్ వర్క్స్, యజమాని' అని పైన అచ్చు, కింద గుండ్రటి స్టాంపు. 'మా వద్ద పదిహేను మంది పనివాళ్ళు కలరు, పని రీత్యా నేను తప్పక తిరిగి రావలెను' అని మధ్యలో ఉత్తరం. మేస్త్రికి మన భాష చదవడం వచ్చు గానీ, ఆ ఫారాల భాష రాదు. ఎక్కడ చూపిస్తే అక్కడ, తలుపు గడపకి టైలు కొలిచినంత శ్రద్ధగా సంతకం పెట్టాడు.

"ఏమన్నా అడిగితే నేను చెప్తాలే నాన్నా," అంది.

"నాకేం తెలుసమ్మా, చదివినదానివి నువ్వు," అన్నాడాయన.

వీసా కేంద్రం ఒక ఎత్తయిన భవనంలో నాలుగో అంతస్తు. నేల పాలరాయి. మేస్త్రి లోపలికి అడుగుపెడుతూనే వంగి చూశాడు. "ఈ మూల దగ్గర పని తొందరలో చేశారు, చూడు, గీత తప్పింది." "నాన్నా, పద," అంది పెద్దమ్మాయి పళ్ళ బిగువున. భాష రానివాళ్ళ వెంట ఒకరు కౌంటర్ దాకా వెళ్ళొచ్చు. టోకెన్ నంబరు పలికింది. అద్దం వెనక కూర్చున్న కౌంటరమ్మాయికి పెద్దమ్మాయి వయసే ఉంటుంది.

కాగితాలన్నీ చకచకా తిరగేసి, "బాగా సర్దారండీ, అందరూ ఇలా తెస్తే నాకు సగం పని తగ్గుతుంది," అంది కౌంటరమ్మాయి. పెద్దమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. "ఇప్పుడు వేలిముద్రలివ్వండి. నాలుగు వేళ్ళూ ఆ గాజు మీద ఆనించండి."

మేస్త్రి ఆనించాడు. మిషన్ ఎర్రగా మెరిసి కీచుమంది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ కీచు. కౌంటరమ్మాయి తడి కాగితం ఇచ్చి తుడుచుకోమంది. ఆయన వేళ్ళన్నీ ఒకటొకటిగా తుడిచి, చొక్కాకి ఒత్తుకుని, మరింత గట్టిగా నొక్కాడు. ఈసారి కూడా పడలేదు. ముప్పై ఏళ్ళ సిమెంటు ఆ వేళ్ళ మీద గీతలన్నీ తినేసింది. కొసలు నున్నగా, గాజుగోళీల్లా ఉన్నాయి.

"ఈయన వేళ్ళతో దొంగతనం చేస్తే ఎవడికీ దొరకడు," అన్నాడు వెనక వరసలో ఎవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. పెద్దమ్మాయి నవ్వలేకపోయింది. 'ఆ చేతులు త్వరగా కిందికి దించితే బాగుండు' అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత ఆమె తనని తాను చాలాసార్లు తిట్టుకుంది గానీ, ఆ క్షణంలో అనుకున్నది మాత్రం అదే.

"పర్లేదండీ, కొందరికి పడవు. వేళ్ళు అరిగాయని రాసి పంపిస్తాం, దానికేం ఆపరు," అంది కౌంటరమ్మాయి. తర్వాత ఫారం వంక, ఆ చేతుల వంక మార్చి మార్చి చూసింది. "మీరు ఏం పని చేస్తారండీ?"

"టైల్స్..." అని మొదలుపెట్టాడు మేస్త్రి.

"కాంట్రాక్టర్," అంది పెద్దమ్మాయి అడ్డుపడి.

"ఆయన్ని చెప్పనివ్వండి. మీ దగ్గర పదిహేను మంది పనిచేస్తారని ఉందిక్కడ. నిజమేనా బాబాయ్‌గారూ?"

మేస్త్రి తల తిప్పి కూతురి ముఖం చూశాడు. నోరు తెరిచి అడగలేదు. చూసిన ఆ ఒక్క చూపులోనే ఆయనకి అంతా తెలిసిపోయిందని ఆమెకి తెలిసిపోయింది. ఇంట్లో అప్పు కూడా దాచడం చేతకాని మనిషి, గొంతు సవరించుకుని, "ఆఁ... ఉన్నారమ్మా. పదిహేను మంది," అన్నాడు.

"వాళ్ళకి జీతాలిచ్చే కాగితాలేమైనా ఉన్నాయా?"

"అంటే... వస్తుంటారు, పోతుంటారు. ఒకళ్ళు ఉన్నచోట ఒకళ్ళుండరు..." తడి కాగితాన్ని ఉండచుట్టి గుప్పిట్లో పెట్టుకున్నాడు. టైలు సందులో నీళ్ళు నిలవనివ్వని మనిషి, ఆ అబద్ధాన్ని ఎటువైపు సరిచేయాలో తెలియక తడుముకుంటుంటే, పెద్దమ్మాయి తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడింది.

"నేను తేల్చేదేం లేదండీ, నా పని కాగితాలు పంపడం వరకే," అంది కౌంటరమ్మాయి. "కాకపోతే సంతకం పెట్టేముందు ఇది చదివి వినిపించాలి. ఇందులో చెప్పినదంతా నిజం. అబద్ధమని తేలితే అప్లికేషన్ తిరస్కరిస్తారు, పదేళ్ళ వరకు ఆ దేశంలోకి రానివ్వరు. అర్థమైంది కదా? ఇక్కడ పెట్టండి."

మేస్త్రి కలం అందుకున్నాడు. పదేళ్ళన్న మాట ఆయనకి వినపడలేదనుకోవడానికి లేదు. అయినా వంగి, కాగితం మీద మొదటి అక్షరం పెట్టాడు. రెండోది కూడా పడుతుండగా గానీ పెద్దమ్మాయి నోరు పెగల్లేదు.

"ఆగు నాన్నా." కౌంటరమ్మాయి వైపు తిరిగింది. "అది నిజం కాదండీ. మా నాన్న టైల్స్ మేస్త్రి. ఆయన కింద పనివాళ్ళెవరూ లేరు. ఆ ఉత్తరం నేను చేయించాను. ఆయనకి తెలియదు."

కౌంటరమ్మాయి ముఖంలో కోపం కనపడి ఉంటే కొంత నయంగా ఉండేది. ఆమె గొంతు తగ్గించి, "మేస్త్రి అని రాసినా ఇచ్చేవారే కదండీ," అంది. "ఎంతమంది మేస్త్రీలు వెళ్ళొచ్చారు ఈ కౌంటర్ నుంచి. ఆసుపత్రి ఉత్తరం ఉంది, చెల్లెలు అక్కడుంది. ఇంతకంటే ఏం కావాలి?"

అప్లికేషన్ వెనక్కి తీసుకుని కొత్తది పెట్టుకోవచ్చని, అలా చేస్తే మచ్చ ఉండదని చెప్పింది. కంప్యూటర్లో చూసి, మళ్ళీ చోటు దొరికేది పంతొమ్మిది రోజుల తర్వాతేనంది. పెద్దమ్మాయి ఈసారి వేళ్ళ మీద లెక్కపెట్టలేదు. అక్కర్లేదు. ఆ పైన జవాబుకి పదిహేను రోజులు, ఆపరేషనేమో ఇరవై ఒకటో రోజున.

మెట్లు దిగి బయటికొచ్చారు. భవనం ముందు చిన్న అరుగుంటే మేస్త్రి దాని మీద కూర్చున్నాడు. ఆమె కూర్చోలేక నిలబడింది. ఆయన తిడితే పడదామని కాచుకుంది. ఆయన చాలాసేపు రోడ్డు మీద బళ్ళు చూశాడు.

"పదిహేను మందేమిటే? ఐదుగురని రాయాల్సింది. పదిహేను మందికి జీతాలివ్వలేక లోపల చచ్చాననుకో," అన్నాడు చివరికి, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

పెద్దమ్మాయికి తల కొట్టేసినట్టయింది. "నాన్నా, నేను..."

"కాలేజీలో కూడా ఇలాగే రాశావా?"

ఆమె తలూపింది.

"ఓహో," అన్నాడాయన. అంతే. ఆ ఒక్క మాట తర్వాత ఆయన తన చేతులు రెండూ మోకాళ్ళ మీంచి తీసి, చొక్కా జేబుల్లో పెట్టుకోబోయాడు. చొక్కాకి ఒకటే జేబు. మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. అత్త. కౌంటర్ పని అయిపోయే వేళ ఆమెకి ముందే తెలుసు. మేస్త్రి స్పీకర్ పెట్టాడు.

"ఏం అన్నయ్యా, పనైందా?"

"కాలేదే చెల్లెమ్మా. నా వేళ్ళు మిషన్లో పడలేదు." ఆయన కూతురి వైపు చూడలేదు. "ఎంత నొక్కినా గీతల్లేవంది. వెనక్కి పంపించేశారు. పాపం పిల్ల అన్నీ బ్రహ్మాండంగా సర్దింది. తప్పంతా ఈ దిక్కుమాలిన చేతులదే."

అవతల ఇస్త్రీ మిషన్ల హోరు వినపడుతోంది. "చేతుల్నేమీ అనకు అన్నయ్యా. ఆ చేతులేగా నేనిక్కడికి రావడానికి డబ్బు పెట్టింది. రాసి ఉండకపోతే ఏం చేస్తాం..."

పెద్దమ్మాయి వంగి ఫోను లాక్కుంది. "అత్తా, నాన్న వేళ్ళకి ఏం కాలేదు. వేళ్ళు పడకపోయినా పంపుతామన్నారు. నేనే నాన్న పని తప్పు రాశాను. కాంట్రాక్టర్ అని. దొంగ ఉత్తరం కూడా పెట్టాను. మేస్త్రి అని రాస్తే వచ్చేదంట."

"ఎందుకు రాశావే అలా?"

కూలిపని అంటే అనుమానిస్తారన్న సాకు నాలుక చివరిదాకా వచ్చింది. "సిగ్గుపడి," అంది పెద్దమ్మాయి.

అవతల ఎవరో అత్తని పనికి పిలిచినట్టు వినపడింది. "మీ నాన్నకివ్వు," అంది అత్త.

మేస్త్రి స్పీకర్ ఆపి ఫోను చెవికి ఆనించుకుని, నాలుగడుగులు అవతలికి వెళ్ళాడు. ఆయన మాటలే ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి. "ఊఁ... ఊఁ... లేదే, దాన్నేం అనకు... నాకేం బాధలేదన్నానా... తిన్నావా?" తర్వాత చాలాసేపు వినడమే. ఫోను పెట్టేసి వచ్చి, అరుగు మీది ఫైలు అందుకున్నాడు.

"ఏమంది నాన్నా?" అని అడిగింది పెద్దమ్మాయి.

"సంతకం సంగతే," అన్నాడాయన, ఫైలు చంకలో పెట్టుకుంటూ. "పక్క టేబుల్ దగ్గర దుప్పట్లు మడతపెట్టే ఒకావిడ ఉందట. భాష కూడా సరిగ్గా కలవదట. ఆవిణ్ణి అడిగి చూస్తానంది."