చివరి వరసలో ఫొటోగ్రాఫర్

వెంకటసుబ్రహ్మణ్యం మాస్టారికి ఫొటోగ్రాఫర్ల ముఖాలతో పేచీ లేదు. ఆయన మంటంతా వాళ్ల వీపుల మీదే. రెండేళ్ల క్రితం మనవడి పెళ్లిలో పట్టుపంచె కట్టుకుని మూడు గంటలు కూర్చుంటే ఆయనకు దక్కిన దర్శనం నాలుగు చెమట పట్టిన వీపులు. పెళ్లికూతురు కట్టింది ఎర్రచీరో పచ్చచీరో ఇప్పటికీ తెలియదట. ముప్పై ఏళ్లు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాయన కదా, మనవరాలు శ్రీలలిత పెళ్లి కుదరగానే ముందు శాసనం చేశారు, తర్వాతే శుభలేఖ.

"ఏరా రషీదూ, వీడియో అసలే వద్దు. నువ్వు మండపం ఎక్కావంటే కాళ్లిరగ్గొడతా. చివరి వరస వెనక నిలబడి తీసుకో."

"అరవై అడుగులుంటుంది మాస్టారూ..."

"ఏ దుర్భిణో తగిలించుకో. తాళి కట్టే ఫొటో మాత్రం రావాలి. రాలేదో, బందరులో ఇంకెవరూ నిన్ను పెళ్లికి పిలవరు."

అది ఉత్త బెదిరింపు కాదని రషీదుకి తెలుసు. మాస్టారి శిష్యులు లేని వీధి బందరులో లేదు. రషీదూ ఆ శిష్యుల్లోనివాడే. ఫోనున్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరైపోయిన ఈ రోజుల్లో కోనేరు సెంటర్లో అతని స్టూడియో తలుపులు తెరుచుకుంటున్నాయంటే, పనివాడన్న పేరు ఒక్కటే కారణం. అది పోతే ఇక తాళం వేసుకోవడమే.

నాగాయలంక వెళ్లి, దివిసీమ మడ అడవుల్లో పక్షుల ఫొటోలు తీసే స్నేహితుడు హనోకుని టెలికన్వర్టర్ అడిగాడు. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే బెత్తెడు గొట్టం అది. దూరాన్ని సగం చేస్తుంది, వెలుతురు ముప్పాతిక మింగేస్తుంది. ఊరికే ఎవడు ఉపకారం చేస్తాడు గనక!

"పట్టుకెళ్లు బావా," అన్నాడు హనోకు. "ఒక్క మాట. కొంగ ఒంటికాలి మీద అరగంట నిలబడుద్ది. మీ పెళ్లివాళ్లు కుదురుగా ఉంటారా?"

రషీదు ఆ మాట చెవిన పెట్టలేదు. మూడు రోజులు స్టూడియో మేడ మీద నుంచి ఎదురింటి పిట్టగోడ మీది కాకుల్ని తీసి చెయ్యి కుదుర్చుకున్నాడు. కాకులు బాగానే సహకరించాయి.

గుడివాడ కల్యాణ మండపంలో పదిన్నరకి ముహూర్తం. చివరి వరస వెనక కుర్చీ ఎక్కి లెన్సులోంచి చూస్తే, అబ్బ! శ్రీలలిత బుగ్గన చుక్క కూడా స్పష్టంగా కనిపించింది. జీలకర్ర, బెల్లం చక్కగా వచ్చాయి. ముందు వరసలో మాస్టారు ఆకుపచ్చ అంచు కండువా సవరించుకుంటూ వెనక్కి తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేశారు. రషీదు ఆయన తెలివికి మనసులోనే దణ్ణం పెట్టాడు.

"గట్టిమేళం! గట్టిమేళం!" అని పురోహితుడు కేకేశాడు.

అంతే, మూడొందల మంది అక్షింతలు పట్టుకుని లేచారు. ఫొటోగ్రాఫర్లు లేక బోసిపోయిన చోటంతా చుట్టాలతో నిండిపోయింది. కూర్చున్న చోటినుంచి వేస్తే అక్షింతలు ఫలించవు కాబోలు! ఒక చేతిలో అక్షింతలు, రెండో చేతిలో ఫోను. రషీదు లెన్సు నిండా వీపులే, అవీ రెండింతలై కనిపిస్తున్నాయి. గొట్టం విప్పి, వేరే లెన్సు బిగించి, ఆ జనాన్ని తోసుకుని వెళ్లేసరికి మూడు ముళ్లేం ఖర్మ, మగపెళ్లివారి భోజనాలు కూడా అయిపోతాయి. అయినా బటన్ నొక్కుతూనే ఉన్నాడు. ప్రతి ఫొటోలోనూ నడిమధ్య ఒకటే వీపు, దాని మీద ఆకుపచ్చ అంచు కండువా.

పదోరోజు బందరులో మాస్టారింట్లో లాప్‌టాప్ తెరిచాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు.

"తాళి ఏదిరా?"

"ఇదేనండి మాస్టారూ."

"ఎవడీ అడ్డగాడిద?" మాస్టారి గొంతు లేచింది. "బీరువాలాంటి వీపేసుకుని! ఎవడు పిలిచాడు వీణ్ణి? మగపెళ్లివారి మనిషై ఉంటాడు. మనవైపు ఇంత ఇంగితం లేనివాడు లేడు."

రషీదు ఇరకాటంలో పడ్డాడు. చెబితే గురుద్రోహం, చెప్పకపోతే స్టూడియోకి తాళం.

ఎవరి వీపు వారికి కనపడదు. కానీ యాభై ఏళ్లుగా ఆ వీపుని చూస్తున్న ఆవిడ పక్కనే ఉంది. మాస్టారి భార్య వేదవతమ్మ కళ్లజోడు సవరించుకుంది. "నాయనా, వాడి చేతిలో ఫోను కాస్త పెద్దది చెయ్యి."

రషీదు పెద్దది చేశాడు. హనోకు గొట్టం గట్టిది, ఎక్కడా మసకబారలేదు. ఎత్తిపట్టిన ఆ ఫోన్లో తాళీ లేదు, పెళ్లికూతురూ లేదు. సెల్ఫీ కెమెరా ఆనై ఉంది. తెర నిండా, నోరు తెరుచుకుని, మాస్టారే ఉన్నారు.

శ్రీలలిత నవ్వాపుకోలేక పక్కగదిలోకి పారిపోయింది. మాస్టారు లాప్‌టాప్ మీదికి వంగి తన వీపుని చూసుకున్నారు. డెబ్బై ఎనిమిదేళ్లకి తొలిసారి చూస్తున్నారు మరి.

"ఇంకోటి లేదూ?" గొంతు బాగా దిగింది.

"లేదండీ. చుట్టాల ఫోన్లన్నీ అడిగి చూశాను. అందరికీ ఇదే దొరికింది."

ఆల్బంలో అదే ఫొటో రెండు పేజీలకీ పరిచి వేయమని శ్రీలలిత గదిలోంచే కేకేసింది. రషీదు గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే మాస్టారు వెనకే వచ్చి గొంతు సవరించుకున్నారు.

"వచ్చే నెల పామర్రులో మా తమ్ముడి మనవరాలి పెళ్లిరా. నువ్వే తియ్యాలి. మండపం ఎక్కి, పీటల పక్కనే నిలబడు."

లోపల్నుంచి వేదవతమ్మ అంది: "ఈయన్ని మాత్రం చివరి వరసలో కూర్చోబెట్టు నాయనా. ఆ గొట్టం ఈయన చేతికియ్యి."